బోరు బండికి ఫోను చేసే ముందు

ఎద్దుల జత కొనేటప్పుడు పళ్లు పట్టి చూస్తాం, నడిపించి చూస్తాం. పొలం కొనేటప్పుడు పాత పహాణీలన్నీ తిరగేస్తాం. పెళ్లి సంబంధమైతే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు వెతుకుతాం. వీటన్నిటికంటే వేగంగా డబ్బు మింగే పని బోరు. బండి వచ్చి రాడ్లు దింపడం మొదలుపెట్టాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అడుగుకింత చొప్పున లెక్క పెరుగుతూనే ఉంటుంది. అలాంటి పనికి ముందు చాలా ఇళ్లలో జరిగే విచారణ ఒక కొబ్బరికాయతోనో, వేపపుల్లతోనో, పక్క పొలంలో నీళ్లు పడ్డాయన్న మాటతోనో సరిపోతోంది. ఈ అధ్యాయం చెప్పదలచింది ఒక్కటే. ఉపగ్రహ చిత్రాల సాయంతో తయారయ్యే భూగర్భ జల పటం మీకు నీళ్లను చూపించదు. మీరు కాస్తున్న పందెం ఎంత పెద్దదో చూపిస్తుంది. ఆ పందెం ఎంతో తెలిశాక బోరు వేయడం, వేయకపోవడం రెండూ మీ చేతిలో ఉన్న నిర్ణయాలవుతాయి.

దీన్ని పందెం అనడానికి కారణం మన కాళ్ల కింద ఉన్న రాయి. కృష్ణా గోదావరి డెల్టాల్లో ఇసుక, ఒండ్రు పొరలున్నాయి. అక్కడ నీళ్లు పడతాయా అన్న దిగులు తక్కువ, ఉప్పు తగులుతుందేమోనన్న దిగులే ఎక్కువ. తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గ్రానైటు, నైసు వంటి గట్టి రాయి. ఈ రాయికి స్వతహాగా నీటిని దాచుకునే గుణం దాదాపు లేదు. పైన ఎండకు వానకు శిథిలమై మొరంగా, గరుసుగా మారిన పొరలోనూ, దాని కింద రాయి పగిలిన చీలికల్లోనూ మాత్రమే నీళ్లు నిలుస్తాయి. ఎంత నిలుస్తాయో 1997 నాటి భూగర్భ జల అంచనా కమిటీ ప్రమాణాలను చూస్తే తెలుస్తుంది. ఇసుక ఒండ్రు నేలలో నీటిమట్టం కిందికి దిగినప్పుడు ఆ మేర ఘనపరిమాణంలో 16 శాతం నీరుగా చేతికొస్తుంది. శిథిలమైన గ్రానైటులో బంకమన్ను తక్కువగా ఉంటే 3 శాతం, ఎక్కువగా ఉంటే 1.5 శాతం. చీలికలు అంతగా లేని బండలో 0.3 శాతం. అంటే డెల్టా రైతు ఎక్కడ తవ్వినా నిండు కుండ మీదే తవ్వుతున్నాడు. మెట్ట రైతు మాత్రం ఒక పెద్ద బండలో అక్కడక్కడా ఉన్న చిన్న పగుళ్లను ఆరున్నర అంగుళాల రంధ్రంతో తాకాలని చూస్తున్నాడు. ఇద్దరి పనికీ పేరు ఒకటే, పని ఒకటి కాదు.

భూమి లోపలి చీలికను ఆకాశంలోని ఉపగ్రహం ఎలా పట్టుకుంటుందన్న అనుమానం న్యాయమైనదే. మామూలు ఉపగ్రహ కెమెరాకు నేల పైభాగం తప్ప మరేమీ కనబడదు. అడుగు లోతు కూడా అది చూడలేదు. అది పైనున్న ఆనవాళ్లను పడుతుంది, ఆ ఆనవాళ్ల నుంచి లోపలి సంగతిని ఊహించేది మనిషే. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ‘దకార్గళం’ అనే అధ్యాయం మొత్తాన్ని ఇందుకే కేటాయించాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఏ దిక్కున, ఎంత లోతున నీరుంటుందో అందులో చెప్పాడు. ఆయన చెప్పిన ప్రతి గుర్తూ నిజమని నేను వాదించను. పైనున్న దాన్ని బట్టి కిందనున్న దాన్ని ఊహించవచ్చన్న మూలసూత్రం మాత్రం ఇప్పటికీ అదే. తేడా ఏమిటంటే, ఆయన చూపు ఒక చెట్టు, ఒక పుట్ట దగ్గర ఆగుతుంది. ఉపగ్రహం మండలమంతటినీ ఒక్క చూపులో చూస్తుంది. మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలో కూడా చూస్తుంది. పచ్చని ఆకు ఆ కాంతిని బలంగా తిప్పి పంపుతుంది కాబట్టి, ఎండాకాలపు చిత్రంలో చుట్టూ మాడిపోయిన నేల మధ్య పచ్చగా నిలిచిన సన్నని గీత ఇట్టే కనబడుతుంది. కిలోమీటర్ల పొడవున సాగే అలాంటి తిన్నని గీతను లీనియమెంట్ అంటారు. అది లోపలి రాతి పగులుకు గుర్తు కావచ్చు.

‘కావచ్చు’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. తిన్నగా కనిపించేదల్లా పగులు కాదు. పాత బండిబాట, పొలం గట్టు, కరెంటు లైను కింద చెట్లు కొట్టిన దారి కూడా తిన్నగానే ఉంటాయి. చెరువు కింది ఆయకట్టు ఎండాకాలంలో పచ్చగా ఉన్నంత మాత్రాన లోపల ఊట ఉన్నట్టు కాదు. నల్లరాతి డైకుల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. గ్రానైటు నేలల్లో అక్కడక్కడా నల్లని గుండ్లు వరసగా పేర్చినట్టు కనిపించే సన్నని గుట్టలు ఇవే. ఇవి భూమి లోపల నిలువు గోడల్లా దిగి ఉంటాయి. పై నుంచి పారి వచ్చే నీటిని ఆ గోడ ఆపితే ఎగువన బోరు నిండుగా పోస్తుంది, దిగువన అదే లోతులో దుమ్ము లేస్తుంది. ఆ ఇద్దరు రైతుల మధ్య దూరం నూరు గజాలు కూడా ఉండకపోవచ్చు. పక్కవాడికి పడింది కాబట్టి నాకూ పడుతుందన్న వాదన కూలిపోయేది ఇక్కడే. పక్క పొలం సాక్ష్యం విలువైనదే, మీ ఇద్దరి కిందా ఉన్న రాయి ఒకటే అయినప్పుడు.

ఒక్క ఆనవాలు చాలదు కాబట్టే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అవసరమైంది. రాతి రకం, నేల రూపం, లీనియమెంట్లు, వాలు, వాగుల సాంద్రత, మట్టి, వాన, భూమి వాడకం ఒక్కొక్కటీ ఒక్కో పటం. పారదర్శకమైన కాగితాల మీద గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి దీపం ముందు పట్టుకున్నామనుకోండి, జీఐఎస్ చేసే పని అదే. వాలు ఎక్కువైతే వాన పారిపోతుంది, ఇంకదు. వాగులు దగ్గర దగ్గరగా ఉన్నాయంటే నేల నీటిని లోపలికి తీసుకోవడం లేదని అర్థం. కొండ పాదంలో బండ పైకే కనిపించే చోటికంటే, గరుసు మందంగా పేరుకున్న మైదానం మేలు. రెండు గుట్టల మధ్య ఒండ్రు నిండిన లోయ ఇంకా మేలు. ఒక్కో అంశానికి ఇంత ప్రాధాన్యమని బరువు కట్టి, అన్నీ కలిపి, మండలాన్ని మంచి, మధ్యస్థ, తక్కువ అవకాశమున్న భాగాలుగా రంగులు వేస్తారు.

ఆ బరువులు ఎవరు కడతారు? చదువుకున్న పాఠకుడు వేయవలసిన అసలు ప్రశ్న ఇది. ఎక్కువ మంది పరిశోధకులు థామస్ సాటీ 1970లలో రూపొందించిన పద్ధతిని వాడతారు. రెండేసి అంశాలను పోల్చి, దీనికంటే అది ఎన్ని రెట్లు ముఖ్యమో అంకె వేసి, ఆ అంకెల నుంచి బరువులు తీస్తారు. పోల్చేది మనిషే కాబట్టి ఇద్దరు నిపుణులు ఒకే మండలానికి రెండు రకాల పటాలు తీయగలరు. లీనియమెంట్లు గీయడంలోనూ ఇంతే, ఒకరు గీసిన గీత మరొకరి కంటికి ఆనదు. ఈ విమర్శను నేను తోసిపుచ్చను. దానికి విరుగుడు మాత్రం ఉంది. పటం తయారైన తర్వాత, దాన్ని గీయడానికి వాడని బోర్ల వివరాలు తెచ్చి, మంచి అన్న చోట నిజంగా ఎక్కువ నీళ్లు వస్తున్నాయా, తక్కువ అన్న చోట బోర్లు ఎండుతున్నాయా అని సరిచూడాలి. మీకు ఎవరైనా రంగుల పటం చూపించి పాయింటు పెడతామంటే మొదట ఒక్కటే అడగండి: దీన్ని ఎన్ని బోర్లతో సరిచూశారు, అందులో ఎన్ని తప్పాయి? జవాబు లేకపోతే ఆ పటం గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

సరిచూసిన పటాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. 1980ల చివర, దేశంలోని అన్ని జిల్లాల పటాలను 1:2,50,000 స్కేలులో మొదటిసారి గీశారు. తర్వాత రాజీవ్‌గాంధీ జాతీయ తాగునీటి మిషన్ కోసం హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆధ్వర్యంలో 1:50,000 స్కేలు పటాలు తయారయ్యాయి. తొలి విడతలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇస్రో భువన్ పోర్టల్‌లో వీటిని ఎవరైనా చూడవచ్చు. వీటిలో రంగులకంటే పక్కనుండే పట్టిక విలువైనది. ఆ భాగంలో ఏ రకం బావి అనువైనది, ఎంత లోతు సరిపోతుంది, నిమిషానికి ఎన్ని లీటర్లు ఆశించవచ్చు, నీటి నాణ్యత ఎలాంటిది అన్నీ ఉంటాయి. బావులు విజయవంతమయ్యే అవకాశం ఎంతో కూడా ఉంటుంది. తాగునీటి పథకాల కోసం ప్రజల డబ్బుతో తయారైన ఈ పట్టిక రైతు ఇంటికి చేరకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇంగ్లీషులో ఉందని వదిలేయకండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు గంటసేపు కూర్చుంటే అందులో మీకు కావలసిన నాలుగు అంకెలు తీయగలరు. అర్థం కానిది జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయంలో అడగవచ్చు.

ఇక పటం హద్దు తెలుసుకోవాలి. 1:50,000 స్కేలులో పటం మీది ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. అయిదెకరాల పొలం దాదాపు 142 మీటర్ల చదరం. పటం మీద అది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, జొన్నగింజంత. ఆ పటాలకు వాడిన లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం, అంటే మీ అయిదెకరాలు మొత్తం ముప్పై ఆరు చుక్కలు. అరమిల్లీమీటరు మందాన గీసిన లీనియమెంటు గీత నేల మీద 25 మీటర్ల వెడల్పు పట్టీ. కాబట్టి పటం చూసి పొలంలో ఫలానా చోట తవ్వమని చెప్పగలిగేవారు ఎవరూ లేరు. పటం మండలాన్ని జల్లెడ పట్టి మీరు ఏ భాగంలో ఉన్నారో చెబుతుంది. పొలంలో పాయింటు తేల్చడానికి నేల మీద పరీక్ష కావాలి. ఇనుప కడ్డీలు పాతి, కరెంటు పంపి, కడ్డీల మధ్య దూరం పెంచుకుంటూ పోతే ఇంకా లోతు పొరల విద్యుత్ నిరోధం తెలుస్తుంది. తడి గరుసుకు నిరోధం తక్కువ, గట్టి బండకు చాలా ఎక్కువ. బంకమన్నుకూ తక్కువే ఉంటుంది కాబట్టి ఇదీ పొరబడగలదు. అయినా పటం మంచిదన్న భాగంలో, లీనియమెంటు పట్టీకి అడ్డంగా నాలుగైదు చోట్ల ఈ పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు, ఒక్క ఫెయిలైన బోరు ఖర్చుతో పోలిస్తే చాలా చిన్నది.

ఇన్ని హద్దులున్నప్పుడు కొబ్బరికాయకు, పటానికి తేడా ఏముంది? కొబ్బరికాయ పెద్దమనిషి చెప్పిన చోట్ల నీళ్లు పడ్డ మాట నిజమే కదా? నిజమే. ఒండ్రు నిండిన లోయలో చాలా బోర్లు ఎవరు చూపించినా పడతాయి. ఆయన చూపించినా పడతాయి, కళ్లు మూసుకుని రాయి విసిరినా పడతాయి. పడ్డవి ఊరంతా చెప్పుకుంటారు, పడనివి ఆ ఇంటివాళ్లే దిగమింగుకుంటారు. కాబట్టి లెక్కలో ఫెయిలైనవి చేరవు. 1987, 88లలో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో పుల్లతో నీళ్లు కనిపెట్టే విద్యను పెద్దఎత్తున పరీక్షించారు. కింద ఒక గొట్టంలో నీళ్లు పంపుతూ, దాని చోటు మారుస్తూ, పై అంతస్తులోని పుల్లపట్టేవారిని కనిపెట్టమన్నారు. తొలి వడపోతలో మిగిలిన 43 మంది 843 సార్లు ప్రయత్నించారు. కొద్దిమందికి ఆ శక్తి ఉందని నిర్వాహకులు అన్నారు. ఆ అంకెలనే 1999లో మళ్లీ విశ్లేషించిన జిమ్ ఎన్‌రైట్, యాదృచ్ఛికంగా వచ్చే ఫలితానికి మించి అందులో ఏమీ లేదని తేల్చాడు. పటం కూడా తప్పుతుంది. కానీ తన తప్పుల లెక్క ఎదుట పెట్టే వీలుంది, అదే తేడా.

ఇప్పుడు ఈ అధ్యాయానికి ప్రాణమైన విషయం. మొదటి బోరు ఫెయిలైనప్పుడు మనసు ఒక మాట చెబుతుంది: ఒకటి పోయింది, ఈసారి తప్పక పడుతుంది. లెక్క చూడండి. మీ భాగంలో మూడింట ఒక్క బోరే పడుతుందనుకుందాం. మూడు బోర్లు వేస్తే ఒకటైనా ఖాయమని మనసు అంటుంది. మూడూ పోయే అవకాశం ఇరవై ఏడింట ఎనిమిది, అంటే దాదాపు 30 శాతం. అసలు స్థితి దీనికంటే కూడా కఠినం. ఈ లెక్కలో ఒక బోరుకు, మరో బోరుకు సంబంధం లేదనుకున్నాం. ఒకే పొలంలోని మూడు బోర్లు ఒకే బండను తొలుస్తాయి. మొదటిది దుమ్ము లేపిందంటే మీ కింద చీలికలు తక్కువని ఒక సాక్ష్యం దొరికినట్టు. రెండో బోరు అవకాశం పెరగదు, తగ్గుతుంది. అప్పు మీద అప్పు తెచ్చి వరసగా బోర్లు వేసుకుంటూ పోయిన కుటుంబాలు చితికిపోయింది తెలివి తక్కువై కాదు. పోగొట్టుకున్నది తిరిగి రాబట్టుకోవాలన్న తపన మనిషి సహజగుణం. అందుకే ఎన్ని బోర్లకు, ఎంత లోతుకు ఆపాలో బండి రాకముందే, ఇంట్లో అందరూ కూర్చుని, కాగితం మీద రాసుకోవాలి. బండి పక్కన నిలబడి తీసుకునే నిర్ణయం మీది కాదు, ఆ దుమ్ముది.

లోతుకు వెళ్తే నీళ్లుంటాయన్న నమ్మకం కూడా ఇలాంటిదే. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల గ్రానైటు ప్రాంతాన్ని భారత, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అక్కడ నీటిని బాగా పారనిచ్చే చీలికలు చాలావరకు పైనున్న శిథిల పొర కింద, మొత్తం మీద నలభై మీటర్ల లోపే ఉన్నాయని తేలింది. కిందికి పోయేకొద్దీ చీలికలు తగ్గుతాయి. ఎనిమిది వందలు, వెయ్యి అడుగుల్లో నీళ్లు పడ్డ బోర్లు లేవని అనను. అవి మినహాయింపులు. అంత లోతున చిక్కిన పాత నీరు తోడాక మళ్లీ నిండడానికి చాలా కాలం పడుతుంది. పైగా లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. అవకాశం తగ్గుతుంటే ఖర్చు పెంచుకుంటూ పోయే పని మరెక్కడా చేయం.

పటం పాతది కదా అనే అభ్యంతరానికి సగం బలముంది. ఇరవై ఏళ్లలో రాయి మారదు, లోయ మారదు, నీటిమట్టం మారుతుంది. పటం కుండ సైజు చెబుతుంది, కుండలో ఇప్పుడెంత ఉందో చెప్పదు. దానికి రెండు ఆధారాలున్నాయి. భూగర్భ జల శాఖ పరిశీలక బావుల్లో నెలనెలా కొలిచే నీటిమట్టం ఒకటి. మీ ప్రాంతం ఏ కోవలోకి వస్తుందన్నది రెండోది. ఏటా చేరే నీటిలో వాడదగిన దానిలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 90 దాటితే సంక్లిష్టం, 100 దాటితే మితిమీరిన వినియోగం. మితిమీరిన చోట కొత్త బోరు కొత్త నీటిని తేదు, పక్కవాడి బోరులోని నీటిని మీ వైపు లాగుతుంది. అనుమతి తీసుకోమని, బావుల మధ్య దూరం పాటించమని 2002 నాటి వాల్టా చట్టం చెప్పింది ఇందుకే. ఆ చట్టాన్ని అడ్డంకిగా చూసే రైతు, రేపు తన బోరు పక్కన మరో బోరు పడినప్పుడు దాన్నే కోరుకుంటాడు.

నీళ్లు పడ్డాక వచ్చే ప్రశ్న ఎన్ని నీళ్లు అన్నది. 550 మిల్లీమీటర్ల వానపడే అనంతపురం వంటి నేలలో, బంకమన్ను ఎక్కువున్న గ్రానైటు గరుసులోకి ఇంకేది సుమారు 8 శాతం. అంటే 44 మిల్లీమీటర్లు, ఎకరాకు ఏడాదికి సుమారు 178 ఘనపు మీటర్లు. ఎకరా వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే 4,850 ఘనపు మీటర్లు దాటుతుంది. ఒక్క ఎకరా వరి ఇరవై ఏడెకరాల్లో ఇంకిన వానను తాగుతుందన్నమాట. పొలంలో పెట్టిన నీటిలో సగం తిరిగి ఇంకుతుందని ఉదారంగా లెక్కగట్టినా పదమూడున్నర ఎకరాలు. బోరు పడిన రోజు రెండు ఇంచీలు పోసింది కదా అని వరి వేసినవాడికి మూడో వేసవిలో ఆ లెక్క ఎదురవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల రైతులు 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఈ లెక్కను తామే వేసుకున్నారు. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టులో వందలాది ఊళ్లలో స్త్రీలు, పురుషులు వానను, బావుల నీటిమట్టాలను స్వయంగా కొలిచి, రబీకి ముందు ఊళ్లో కూర్చుని ఉన్న నీటికి ఏ పంటలు సరిపోతాయో చర్చించారు. బడికి పెద్దగా వెళ్లనివారు కూడా అందులో ఉన్నారు. పటాలు, లెక్కలు మనవల్ల కాదనేవారికి వాళ్లే సమాధానం.

ఈ ఎండాకాలం బోరు ఆలోచన ఉన్నవారు మే నెలలో ఒక ఆదివారం కేటాయించండి. మీ పొలం చుట్టూ అర కిలోమీటరులోని ప్రతి బోరు దగ్గరికి వెళ్లి, ఎప్పుడు వేశారు, ఎంత లోతు, ఎన్ని అడుగుల దగ్గర బండ తగిలింది, ఇప్పుడు పోస్తోందా అని రాసుకోండి. ఎండిన వాటిని, దుమ్ము లేచిన వాటిని వదలకుండా రాయండి. వాటి వివరాలు చెప్పడానికి మనసొప్పని వారి దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ కూర్చోండి. ఆ కాగితాన్ని, భువన్ పటంలోని పట్టికను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ వద్దంటే బోరు బండికి ఫోను చేయకండి. ఆ డబ్బుతో ఉన్న బావి పూడిక తీయించండి, పంట మార్చండి.